తెలియని రోజుల దినచర్య: ఐసీయూలోని ఆప్తుల కోసం కుటుంబాలు రాసే డైరీలు

(స్మారకోపన్యాస పాఠం)

ప్రాణాపాయ స్థితిలో ఐసీయూలో చేరి, కొన్ని రోజులో కొన్ని వారాలో వెంటిలేటర్ మీద ఉండి, బతికి ఇల్లు చేరిన మనిషికి ఆ రోజుల్లో తనకేం జరిగిందో తెలియదు. తెలియకపోవడం ఒక్కటే అయితే గాఢనిద్ర అనుకొని సరిపెట్టుకోవచ్చు గాని, ఆ ఖాళీలో చాలామందికి జరగని సంగతులు జరిగినట్టుగా, అవి కూడా భయంకరమైనవిగా, నెలల తరువాత కూడా చెరగని స్పష్టతతో నిలిచిపోతాయి. నిజంగా ఏం జరిగిందో పక్కన ఉన్నవారు ఏ రోజుకా రోజు ఒక పుస్తకంలో రాసి, కోలుకున్నాక రోగి చేతికి ఇచ్చే పద్ధతికి ఐసీయూ డైరీ అని పేరు. ఆ పద్ధతి పుట్టుకను, దాని ప్రయోజనంపై జరిగిన పరిశోధనలను, ముఖ్యంగా దాన్ని రాసే కుటుంబసభ్యుల వైపు నుంచి దాని విలువను పరిశీలించడం ఈ ఉపన్యాసం ఉద్దేశం. రోగి కోసం మొదలైన ఈ పుస్తకం రాసినవారికే ఎక్కువ మేలు చేస్తున్నట్టు పరిశోధనలు సూచిస్తున్నాయనీ, అయితే రాయాలంటే కుటుంబం రోగిని చూడగలగాలి కనుక, డైరీ గురించిన చర్చ ఎక్కడ మొదలైనా ఐసీయూ తలుపు దగ్గరికే చేరుతుందనీ ఇక్కడ చేస్తున్న ప్రతిపాదన.

ఐసీయూ, డైరీ రెండింటి చరిత్రా డెన్మార్క్ దగ్గర మొదలుకావడం యాదృచ్ఛికమే కావచ్చు గాని గమనించదగినది. 1952లో కోపెన్‌హేగెన్ నగరాన్ని పోలియో చుట్టుముట్టినప్పుడు, అక్కడి అంటువ్యాధుల ఆసుపత్రి అయిన బ్లెగ్‌డామ్‌లో ఊపిరి తీసే కండరాలు చచ్చుబడిన రోగులకు సరిపడా యంత్రాలు లేవు. మెడ వరకూ శరీరాన్ని లోపల ఉంచి ఊపిరాడించే ఇనుప పెట్టె ఒకటి, ఛాతీకి కవచంలా బిగించే పరికరాలు ఆరు మాత్రమే ఉన్నాయి. తొలి వారాల్లో అలా చికిత్స పొందిన 31 మందిలో 27 మంది మరణించారు. గొంతు దగ్గర శ్వాసనాళానికి రంధ్రం చేసి, గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించవచ్చని మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ ఆగస్టు 27న ఒక బాలికకు చికిత్స చేసి చూపించాక, దాదాపు 1500 మంది వైద్య, దంతవైద్య విద్యార్థులు వంతులవారీగా నెలల తరబడి పడకల పక్కన కూర్చొని ఆ సంచులు నొక్కారు. 1953 డిసెంబరులో అదే నగరంలోని మునిసిపల్ ఆసుపత్రిలో ఇబ్సెన్ ప్రారంభించిన విభాగాన్ని ప్రపంచంలో తొలి ఐసీయూలలో ఒకటిగా లెక్కిస్తారు. ఆ తొలి రోగుల్లో అనేకులు మెలకువతో ఉన్నారు. తమ ఊపిరి ఎవరి చేతుల్లో ఉందో వారు చూడగలిగారు, ఊపిరి చాలకపోతే కళ్లతో చెప్పగలిగారు.

తరువాతి దశాబ్దాల్లో సంచి నొక్కే చేయి స్థానంలోకి వెంటిలేటర్ వచ్చింది, దాని ఒత్తిడిని రోగి ఓర్చుకోవడానికి గాఢమైన మత్తు వచ్చింది. ప్రాణాలు నిలిపే విషయంలో ఈ మార్పు సాధించినది అపారం. కాని మిడజోలామ్ వంటి మత్తు మందులు జ్ఞాపకం ఏర్పడే ప్రక్రియనే అడ్డుకుంటాయి. జ్వరం, రక్తంలో విషక్రిములు, ఆక్సిజన్ లోపం, రాత్రీపగలూ ఒకేలా వెలిగే దీపాలు, తెగని నిద్రలేమి కలిసి మెదడు పనితీరును తాత్కాలికంగా అతలాకుతలం చేస్తాయి. వైద్యులు డెలీరియం అనీ, ఇళ్లలో పెద్దలు సంధి అనీ అనే ఈ స్థితి వెంటిలేటర్ మీద ఉన్నవారిలో సగానికి పైగా మందికి కలుగుతుందని, కొన్ని అధ్యయనాల్లో 80 శాతం దాకా కనిపించిందని నమోదైంది. కేకలు వేస్తూ గొట్టాలు పీక్కునే రోగిని ఎవరైనా గుర్తిస్తారు. కదలక మెదలక పైకప్పు కేసి చూస్తూ, లోపల మాత్రం ఘోరమైన లోకంలో తిరుగుతున్న రోగిని గుర్తించడం కష్టం, అటువంటివారే ఎక్కువ. రోగి మాట్లాడలేకపోయినా చేతిని నొక్కించి ఈ స్థితిని కనిపెట్టే పరీక్షను అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ వైద్యుడు వెస్ ఈలీ బృందం 2001లో ప్రకటించే నాటికి, ఐసీయూలు మొదలై అర్ధ శతాబ్దం కావస్తోంది.

కోలుకున్నవారు చెప్పే ఆ లోకపు వివరాల్లో ఒక పోలిక ఉంది. పడకకు కట్టివేసి బంధించారనుకోవడం, నర్సులు విషం ఎక్కిస్తున్నారని నమ్మడం, మూత్రగొట్టం అమర్చడాన్ని అత్యాచారంగా అనుభవించడం, స్కానింగ్ యంత్రంలోకి పంపడాన్ని కొలిమిలోకి తోయడంగా గుర్తుంచుకోవడం, చూడవచ్చిన సొంత మనుషులను వారి వేషంలో వచ్చిన పరాయివారనుకోవడం వేర్వేరు దేశాల్లో, వేర్వేరు భాషల్లో నమోదయ్యాయి. వీటికి మూలంగా చాలాసార్లు నిజంగా జరిగిన పని ఏదో ఒకటి ఉంటుంది. దాని అర్థం మాత్రం మారిపోతుంది. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ సమీపంలో విస్టన్ ఆసుపత్రిలో పనిచేసిన క్రిస్టినా జోన్స్, రిచర్డ్ గ్రిఫిత్స్ బృందం 2001లో ప్రకటించిన అధ్యయనం ఒక కీలకమైన సంగతి చెప్పింది: నొప్పి, భయం కలిగించినదైనా సరే, నిజమైన జ్ఞాపకం కొంత ఉన్న రోగి తరువాత అంతగా కుంగిపోవడం లేదు, నిజమైన జ్ఞాపకమేదీ లేకుండా భ్రమలు మాత్రమే మిగిలిన రోగికే మానసిక ప్రమాదం ఎక్కువ. రోగికి చేదు సంగతులు తెలియకపోవడమే మంచిదన్న లోకసహజమైన నమ్మకాన్ని ఈ ఫలితం ప్రశ్నించింది, డైరీ వెనక ఉన్న తర్కం అంతా దీనిమీదే నిలబడి ఉంది.

ఆ మానసిక ప్రమాదంలో ముఖ్యమైనదాన్ని పీటీఎస్‌డీ అంటారు. ఘోరమైన అనుభవం గడిచిపోయాక కూడా అది మళ్లీ మళ్లీ కళ్ల ముందు జరుగుతున్నట్టు తోచడం, దాన్ని గుర్తుచేసే ప్రతిదాని నుంచీ పారిపోవడం, నిద్రలోనూ ఉలికిపడుతూ ఉండటం దాని లక్షణాలు. ఐసీయూ నుంచి బయటపడినవారిలో దీనితోపాటు కండరాల బలహీనత, ఏకాగ్రత లోపం, మతిమరుపు, దిగులు కలిసి కనిపిస్తాయి కనుక, అమెరికాలోని క్రిటికల్ కేర్ మెడిసిన్ సొసైటీ 2010లో నిపుణులను, రోగులను సమావేశపరిచి ఈ అవస్థలన్నిటికీ కలిపి ఐసీయూ అనంతర లక్షణ సముదాయం అనే అర్థంలో పిక్స్ అని పేరు పెట్టింది. ఆ చర్చల సారం 2012లో అచ్చయింది. కుటుంబసభ్యులకు కలిగే మానసిక అవస్థలకు అదే పేరు చివర ఒక అక్షరం చేర్చి పిక్స్-ఎఫ్ అన్నారు. చికిత్స పొందని మనిషికి కూడా చికిత్స తాలూకు గాయం ఉంటుందని వైద్యశాస్త్రం ఒప్పుకొని పేరు పెట్టడం చిన్న విషయం కాదు.

డైరీ మాత్రం ఈ సిద్ధాంతాలకంటే ముందే పుట్టింది. డెన్మార్క్‌లో 1980లలోనే కొందరు నర్సులు తమ రోగుల కోసం రోజువారీ సంగతులు రాసిపెట్టడం మొదలుపెట్టారు, 1990లలో నార్వే, స్వీడన్‌లకు ఆ అలవాటు పాకింది, తరువాత బ్రిటన్‌కూ జర్మనీకీ చేరింది. ఏ మంత్రిత్వశాఖా ఆదేశించలేదు, ఏ కంపెనీ అమ్మలేదు. రాత్రి డ్యూటీలో మత్తులో ఉన్న మనిషి ముఖం చూస్తూ కూర్చున్నవారు, ఈ రోజు ఇతనికి ఎప్పటికీ తెలియకుండా పోతుందే అన్న బాధతో చేసిన పని అది. స్వీడన్‌లోని నార్‌షోపింగ్‌లో కార్ల్ బెక్‌మన్, స్టెన్ వాల్టర్ ఈ అలవాటును క్రమబద్ధం చేసి 2001లో ప్రకటించారు: రోగి ఎందుకు, ఎలా ఆసుపత్రికి వచ్చాడో చెప్పే సంగ్రహం మొదటి పేజీలో, ఆపైన తేదీలవారీగా నర్సులూ కుటుంబమూ రాసిన మాటలు, మధ్య మధ్య ఫొటోలు, డిశ్చార్జి అయ్యాక మళ్లీ పిలిపించి ఆ పుస్తకాన్ని కలిసి చూడటం. నేటికీ చాలాచోట్ల డైరీకి ఇదే నమూనా.

ఈ పనికి శాస్త్రీయమైన రుజువు కోసం జరిగిన పెద్ద ప్రయత్నం జోన్స్ నాయకత్వంలో ఆరు ఐరోపా దేశాల్లోని 12 ఆసుపత్రుల్లో జరిగి 2010లో వెలువడింది. అది యాదృచ్ఛిక విభజన పరీక్ష, అంటే ఎవరికి డైరీ ఇవ్వాలో ఎవరికి ఆపాలో వైద్యుల ఇష్టానికి వదలకుండా చీట్లు వేసినట్టు నిర్ణయించి, రెండు వర్గాలనూ పోల్చే పద్ధతి. 352 మంది రోగులు పాల్గొన్న ఆ పరీక్షలో డైరీ అందరికీ రాశారు. సగం మందికి నెల తరువాత ఇచ్చారు, మిగిలినవారికి మూడో నెల పరీక్ష ముగిశాక ఇచ్చారు. మూడు నెలలకు కొత్తగా పీటీఎస్‌డీ కనిపించినవారు డైరీ చదివిన వర్గంలో 5 శాతం, చదవని వర్గంలో 13 శాతం. ఈ ఫలితం ఎంతో ఉత్సాహం కలిగించింది. తరువాత మైతే గారూస్త్-ఓర్జియాస్ బృందం ఫ్రాన్స్‌లోని 35 ఐసీయూల్లో 657 మంది రోగులతో జరిపి 2019లో ప్రకటించిన మరింత పెద్ద పరీక్షలో మాత్రం, మూడు నెలలకు పీటీఎస్‌డీ లక్షణాలు డైరీ ఉన్న వర్గంలో 29.9 శాతం మందికి, లేని వర్గంలో 34.3 శాతం మందికి కనిపించాయి. ఈ తేడా కేవలం యాదృచ్ఛికం కావడానికి అవకాశం ఉన్నంత చిన్నది. రెండు పరీక్షల్లో లక్షణాలను కొలిచిన తీరు, డైరీని అందజేసిన తీరు ఒకటి కావు కనుక అంకెలను పక్కపక్కన పెట్టి ఒకటి నిజం, రెండోది అబద్ధం అనలేము. రోగికి డైరీ మేలు చేస్తుందన్నది నిశ్చయంగా రుజువు కాలేదని ఒప్పుకోవడమే నిజాయితీ. ఈ పద్ధతిని ప్రేమించేవారు ఆ మాటను దాచకూడదు.

అయితే ప్రశ్నను కొంచెం పక్కకు జరిపితే వేరే దృశ్యం కనిపిస్తుంది. డెన్మార్క్‌లో అన్నె హోయర్ నీల్సన్, ఇంగ్రిడ్ ఈగెరోడ్ తదితరులు 2020లో ప్రకటించిన పరీక్షలో డైరీని నర్సులు కాక కుటుంబసభ్యులే రాశారు. రోగుల్లో పీటీఎస్‌డీ లక్షణాల విషయంలో చెప్పుకోదగిన తేడా రాలేదు. రాసిన బంధువుల్లో మాత్రం ఆ లక్షణాలు స్పష్టంగా తగ్గాయి. ఒక్క పరీక్షతో సిద్ధాంతం కట్టడం తొందరపాటే. కాని 2005లో ఎలీ అజూలే బృందం ఫ్రాన్స్‌లో ఐసీయూ రోగుల కుటుంబసభ్యులను మూడు నెలల తరువాత ప్రశ్నించినప్పుడు మూడింట ఒక వంతు మందిలో పీటీఎస్‌డీకి దారితీయగల లక్షణాలు కనిపించాయనీ, వైద్యవిషయాలు తమకు సరిగా చెప్పలేదని భావించినవారిలో, జీవన్మరణ నిర్ణయాల్లో పాలుపంచుకోవలసి వచ్చినవారిలో అవి ఎక్కువనీ గుర్తుంచుకుంటే, డెన్మార్క్ ఫలితం ఆశ్చర్యం కలిగించదు.

ఐసీయూ బయట కూర్చున్న కుటుంబం పరిస్థితి విచిత్రమైనది. ఇంట్లో జబ్బుపడితే గంజి కాచే చేతులు, కాళ్లు పట్టే చేతులు, నుదుటి మీద తడిగుడ్డ వేసే చేతులు ఇక్కడ ఒక్కసారిగా పనిలేనివైపోతాయి. రోగికి జరగవలసిన ప్రతి పనికీ శిక్షణ పొందిన మనిషో యంత్రమో ఉంది. కుటుంబానికి మిగిలేవి వినడం, సంతకం పెట్టడం, డబ్బు సర్దడం, ఎదురుచూడటం. వీటిలో ఏదీ రోగిని ముట్టుకునే పని కాదు. డైరీ ఆ చేతులకు తిరిగి ఒక పని ఇస్తుంది, అది కూడా కాలక్షేపానికి కల్పించిన పని కాదు, మరెవ్వరూ చేయలేని పని: వైద్యుడు కేస్ షీటులో రక్తపోటు రాయగలడు గాని, తండ్రి ముఖం ఇవాళ ఎప్పటిలా ఉందో లేదో, మనవరాలి గొంతు ఫోనులో వినిపిస్తే కనురెప్ప ఎలా కదిలిందో రాయలేడు. బాధాకరమైన అనుభవాన్ని రాతలో పెట్టడం ఆరోగ్యానికి మేలు చేస్తుందన్న ఆలోచనకు 1986లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నిబేకర్ విద్యార్థులతో, నాలుగు రోజులపాటు రోజుకు పదిహేను నిమిషాలు రాయించి జరిపిన ప్రయోగం పునాది వేసింది. ఐసీయూ డైరీ దానికంటే ఒక అడుగు ముందుంది: పెన్నిబేకర్ విద్యార్థులు తమ కోసం తాము రాశారు, ఈ డైరీ మరొకరిని ఉద్దేశించి, ఆ మరొకరు లేచి చదువుతారన్న నమ్మకాన్ని ప్రతి వాక్యంలో నిలుపుకుంటూ సాగుతుంది. ఆ నమ్మకం ఉన్నంతకాలం రాసే మనిషి వార్తలకోసం ఎదురుచూసే మనిషిగా మాత్రమే మిగిలిపోడు.

అందుకే డైరీ ఎవరి గురించో కాక ఎవరితోనో మాట్లాడినట్టు రాయాలన్నది అన్ని దేశాల్లోనూ స్థిరపడిన పద్ధతి. “పేషెంటు పరిస్థితి నిలకడగా ఉంది” అన్న వాక్యం ఆసుపత్రిది. “నాన్నా, ఇవాళ పొద్దున గొంతులో గొట్టం తీసేశారు, మీరు మొదట అడిగింది మంచినీళ్లు, సిస్టరు స్పూనుతో రెండు చుక్కలే పోశారు, మీకు కోపం వచ్చింది” అన్నటువంటి వాక్యం కుటుంబానిది. రెండోదానిలో తేదీ ఉంది, జరిగిన పని ఉంది, దాని కారణం ఉంది, ఆ మనిషి స్వభావమూ ఉంది. తరువాత ఎప్పుడో ఆ తండ్రికి తనను దాహంతో మాడ్చి చంపబోయారన్న జ్ఞాపకం మిగిలి ఉంటే, ఆ చిన్న వాక్యం దాన్ని ఖండించకుండానే సరైన చోట పెడుతుంది. ఇంటి సంగతులకూ ఇందులో చోటుంది: బోరులో నీళ్లు పడ్డాయని, చిన్నవాడికి పరీక్షలు అయిపోయాయని, పక్కింటి పెద్దమ్మ రోజూ అడుగుతోందని రాసిన పేజీలే, తను లేని రోజుల్లోనూ తనకు ఇంట్లో స్థానం ఉందని రోగికి తెలియజేస్తాయి. రోగి తరఫున ఊహించి రాయడం మాత్రం మానుకోవాలి. “నీకు నొప్పి లేదు” అనడానికి పక్కన కూర్చున్నవారికి అధికారం లేదు, “నువ్వు ప్రశాంతంగా కనిపించావు” అనడానికి ఉంది.

నిజం ఎంతవరకు రాయాలన్నది కష్టమైన ప్రశ్న. గుండె ఆగి మళ్లీ కొట్టుకున్న రాత్రిని ఉత్త జ్వరంగా రాస్తే, రోగి ఎప్పుడో డిశ్చార్జి కాగితంలో అసలు సంగతి చదివి, మొత్తం డైరీనే నమ్మడం మానేస్తాడు. జరిగినది సూటిగా, విశేషణాలు లేకుండా రాయడమే మేలన్నది ఈ ఉపన్యాసం పక్షం. వైద్యుల మీద అనుమానాలు, బంధువుల మధ్య తగాదాలు, ఆస్తి సంగతులు, పక్క పడకలోని రోగి వివరాలు ఇందులో రాయకూడదు. వాటికి వేరే చోట్లు ఉన్నాయి. ఫొటోల విషయంలో స్కాండినేవియా అనుభవం వాటికి అనుకూలంగా ఉంది, ఎందుకంటే తను ఎంత జబ్బుపడ్డాడో మాటల్లో నమ్మని రోగి ఫొటో చూసి తన నీరసానికి కారణం అర్థం చేసుకొని, త్వరగా కోలుకోవడం లేదన్న నింద తన మీద వేసుకోవడం మానుతాడు. కాని స్పృహలేని మనిషి అనుమతి ఇవ్వలేడు కనుక ఆ ఫొటో రోగికి తప్ప మరొకరికి చేరకూడదు, చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి అసలే వెళ్లకూడదు.

వాట్సాప్ ప్రస్తావన వచ్చింది కనుక, తెలుగు కుటుంబాల సంగతి ఇక్కడ చెప్పవలసి ఉంది. హైదరాబాదులో తండ్రి ఐసీయూలో ఉంటే డల్లాస్‌లో కొడుకు, మెల్‌బోర్న్‌లో కూతురు, ఊళ్లో అన్నదమ్ములు ఒక గ్రూపులో క్షణక్షణం వివరాలు పంచుకోవడం నేడు సర్వసాధారణం. అందులో తేదీలు, వేళలు, మందుల పేర్లు, ప్రయోగశాల నివేదికలు అన్నీ ఉంటాయి. ఒక్క రోగి మాత్రం ఉండడు. ఆ మాటలన్నీ అతని గురించే గాని అతనితో కావు, కోలుకున్నాక అతనికి చూపించడానికి ఎవరికీ మనసొప్పదు. అదే కుటుంబం చేతిలో మరో పుస్తకం కూడా ఉంటుంది: ఆరోగ్యశ్రీ కాగితాలతోపాటు ఫైలులో పెట్టుకున్న చిన్న నోటుబుక్కు, అందులో కట్టిన అడ్వాన్సులు, తెచ్చిన మందుల ఖరీదు, రక్తం ఇస్తామన్నవారి ఫోను నంబర్లు. అంటే రాసే అలవాటు, రాసే మనిషి, రాయడానికి కాగితం మన ఆసుపత్రుల వరండాల్లో ఇప్పటికే ఉన్నాయి; ఆ రాతను రోగి వైపు తిప్పడం ఒక్కటే మిగిలింది.

అడ్డంకి వేరే చోట ఉంది. తెలుగు రాష్ట్రాల్లోని ఆసుపత్రుల్లో సాధారణంగా ఐసీయూలోకి కుటుంబాన్ని రోజుకు ఒకటి రెండుసార్లు, ఒకరిద్దరిని, కొద్ది నిమిషాలపాటు మాత్రమే పంపుతారు, మిగతా సమయమంతా తలుపు బయట “ఫలానా పేషెంట్ తాలూకు ఎవరు?” అన్న పిలుపు కోసం చెవులు రిక్కించి కూర్చోవడమే. ఆ పిలుపు ప్రతిసారీ మందుకో, సంతకానికో, డబ్బుకో, చెడ్డ వార్తకో అయినప్పుడు, పిలుపంటేనే గుండె జారుతుంది. పడకలు కిక్కిరిసిన సర్కారు ఆసుపత్రిలో అంటురోగాల భయం, స్థలం చాలకపోవడం, ఒక్కొక్క నర్సు మీద పడే రోగుల భారం నిజమైన ఇబ్బందులే, వాటిని తేలికగా తీసిపారేయడం అన్యాయం. అయినా రోజుకు ఐదు నిమిషాలు చూసిన మనిషి డైరీలో ఏం రాయగలడు? రాయాలంటే చూడాలి, చూసినదాని అర్థం ఎవరైనా చెప్పాలి. ఆ గొట్టం ఎందుకు, ఆ చేతులకు కట్టు ఎందుకు, ఇవాళ మత్తు ఎందుకు తగ్గించారు అన్నవి తెలియని బంధువు రాసే పేజీ అతని భయాన్నే రోగికి అందజేస్తుంది. కనుక డైరీ ఇవ్వదలచిన ఆసుపత్రి పుస్తకాలు అచ్చు వేయించే ముందు సందర్శన వేళలను, కౌన్సెలింగ్ అనే పేరుతో కుటుంబానికి పరిస్థితి వివరించే తీరును సరిదిద్దుకోవలసి ఉంటుంది. అంతర్జాతీయంగా ఐసీయూ చికిత్సకు ప్రామాణికంగా చెప్పే అంశాలలో కుటుంబ భాగస్వామ్యం ఒకటిగా చేరి చాలా కాలమైంది.

2020, 2021 సంవత్సరాల కోవిడ్ కాలం ఈ తలుపు మూసుకుంటే ఏమవుతుందో ప్రపంచానికంతటికీ చూపించింది. తెలంగాణలో గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కోవిడ్ చికిత్సకే కేటాయించిన రోజుల్లోనైనా, పారిస్‌లోనైనా, న్యూయార్క్‌లోనైనా కుటుంబాలు గేటు బయటే నిలిచిపోయాయి; ఎవరు ఏ రోజు ఏ స్థితిలో ఉన్నారో పక్కన కూర్చొని చూసిన సొంత మనిషి లేకుండా వేలాది మంది కోలుకున్నారు, వేలాది మంది పోయారు. ఐరోపాలో కొన్ని విభాగాలు కుటుంబం ఫోనులో చెప్పిన మాటలను నర్సులు డైరీలో ఎక్కించడం, కంప్యూటరులో రాసే డైరీలు నడపడం వంటి మార్గాలు వెతికాయి. ఆ కాలంలో ఇక్కడ బతికి బయటపడినవారిలో ఎందరి ఐసీయూ రోజులకు ఎవరి దగ్గరా ఒక్క వాక్యం కూడా లేదో తలచుకుంటే, నష్టం మరణాల లెక్కతో ఆగలేదని తెలుస్తుంది.

రాయడం రానివారి సంగతి వేరుగా ఆలోచించాలి. కూలి పనులు చేసుకునే తల్లి తన కొడుక్కి చెప్పదలచిన మాట బడికి వెళ్లే మనవడి చేత రాయించవచ్చు, ఫోనులో గొంతుగా దాచవచ్చు. గోండి మాట్లాడే ఆదిలాబాద్ కుటుంబం గోండి మాటనే తెలుగు లిపిలో రాయవచ్చు. కేరళ నుంచి వచ్చిన సిస్టరు మలయాళంలో రెండు వాక్యాలు రాస్తే దాన్ని కూడా ఉంచుకోవాలి, తరువాత చదివించుకోవచ్చు. అక్షరదోషాలు, వంకర గీతలు, పాలప్యాకెట్ మరక ఏవీ ఈ పుస్తకానికి లోపాలు కావు. అన్నదమ్ములు, కోడళ్లు, స్నేహితులు అందరూ తలో పేజీ రాయాలన్న తాపత్రయం కంటే, రోజూ ఉండే ఒకరిద్దరు క్రమం తప్పకుండా నాలుగు వాక్యాలు రాయడమే ఎక్కువ ఉపయోగపడుతుంది, ఎందుకంటే రోగి తరువాత వెతికేది వరుసను: ఏది ముందు, ఏది తరువాత, ఎన్ని రోజులు.

పుస్తకాన్ని ఎప్పుడు ఇవ్వాలన్నదానికి ఒకే జవాబు లేదు. వార్డుకు మారిన మరునాడే చదివించడం చాలామందికి భారమవుతుంది. జోన్స్ బృందం ఐరోపాలో జరిపిన పరీక్షలో నెల తరువాత, విషయం తెలిసిన మనిషి వివరిస్తుండగా ఇచ్చారు. కొందరు ఏడాది దాకా తెరవరు, కొందరు అసలు తెరవరు, తెరవకపోవడం కూడా కోలుకునే తీరుల్లో ఒకటే. కుటుంబం తన అలసటను, నిరాశను, ఒక్కోసారి రోగి మీదే వచ్చిన కోపాన్ని రాసుకున్న పేజీలు ఉంటాయి. ఇచ్చేముందు వాటిని చించెయ్యాలని అనిపించడం సహజం. చించవద్దనీ, కావలిస్తే విడిగా కవరులో పెట్టి చివరన ఉంచమనీ, అందులో ఏముందో రోగికి ముందే చెప్పి నిర్ణయం అతనికి వదలమనీ ఈ ఉపన్యాసం సూచన. తన జబ్బు ఇంట్లోవారి మీద ఎంత బరువు మోపిందో తెలియని రోగి, ఇంటికి వచ్చాక వారి మౌనాన్నీ విసుగునూ తప్పుగా అర్థం చేసుకుంటాడు.

రోగి బతకని సందర్భాల్లో డైరీ ఎవరిదవుతుంది? స్వీడన్‌లో ఆప్తులను పోగొట్టుకున్న బంధువులతో మాట్లాడిన పరిశోధకులకు, రాయడం ఆ రోజుల్లో తమను రోగికి దగ్గరగా ఉంచిందనీ, మళ్లీ చదవడం జరిగినదాన్ని అర్థం చేసుకోవడానికి ఉపకరించిందనీ వారు చెప్పారు. ఇంకా ఏదో చేసి ఉండవలసింది అన్న ఆలోచన ఐసీయూ మరణం తరువాత కుటుంబాన్ని సంవత్సరాల తరబడి తినేస్తుంది. ఏ రోజు ఏం చేశారో, ఎవరెవరు పక్కన ఉన్నారో, ఏ నిర్ణయం ఏం తెలిసి తీసుకున్నారో తమ చేతిరాతలోనే ఉన్న పుస్తకం ఆ ఆలోచనకు ఎదురు నిలుస్తుంది. అందువల్ల మరణం సంభవించినప్పుడు డైరీని ఆసుపత్రి తన రికార్డుల్లో కలుపుకోకూడదు, పారవేయకూడదు. బిల్లు కట్టి, కాగితాల మీద సంతకాలు చేసి, అంబులెన్స్ మాట్లాడే హడావుడిలో ఆ పుస్తకం పడక పక్కనే మిగిలిపోయే అవకాశం ఎక్కువ కనుక, చనిపోయిన మనిషి కళ్లజోడు, ఉంగరం, ఫోనులతోపాటు దాన్ని కూడా ఒక సంచిలో పెట్టి రాసినవారి చేతికే అందించే బాధ్యత ఏ షిఫ్టులో ఏ సిస్టరుదో విభాగంలో ముందే నిర్ణయించి ఉంచాలి.